చిన్న నగరంలో పోలీసు, అగ్నిమాపక సేవలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న నగరాల్లో పోలీసు, అగ్నిమాపక సేవల గురించి ఒకే రకమైన సందేహాలు పదే పదే వస్తుంటాయి. ఫైరింజన్ ఎందుకు ఆలస్యమైందని కొందరు, వచ్చిన సిబ్బంది వెంటనే లోపలికి ఎందుకు దూకలేదని మరికొందరు, ఫిర్యాదు ఇచ్చాక ఏమవుతుందని ఇంకొందరు అడుగుతారు. ఆ ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచి, ఆపద రాకముందు నుంచి అది ముగిసిన తరువాతి వరకు దశలవారీగా కూర్చాను. ప్రతి ప్రశ్నకూ సమాధానం అక్కడికక్కడే పూర్తవుతుంది కాబట్టి కావలసిన చోటు నుంచి చదువుకోవచ్చు. చట్టాలూ, అత్యవసర నంబర్లూ దేశాన్ని బట్టి మారుతాయి. ఇక్కడ రాసినవి ఎక్కడైనా పనికివచ్చే పద్ధతులు, వాటి వెనుక ఉన్న కారణాలు.

## ఈ సేవలు ఎలా నడుస్తాయి

మా నగరం చిన్నదే కదా, ఇంతమంది సిబ్బంది నిజంగా అవసరమా?

జనాభాను బట్టి లెక్క వేస్తే చిన్న నగరానికి పదిమంది చాలనిపిస్తుంది, కానీ అసలు లెక్క గడియారం మీద ఉంటుంది. వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 40 గంటలు పనిచేస్తే, ఒకే ఒక్క స్థానాన్ని రాత్రింబవళ్లు ఖాళీ లేకుండా నింపడానికి నలుగురికి పైగా కావాలి. సెలవులు, అనారోగ్యం, శిక్షణ కూడా కలిపితే ఆ సంఖ్య దాదాపు ఐదు అవుతుంది. అంటే నలుగురితో కదిలే ఒక్క ఫైరింజన్ ఏ వేళ పిలిచినా బయలుదేరాలంటే దాని వెనుక ఇరవై మంది ఉండాలి. పోలీసు గస్తీ వాహనంలో ఇద్దరు ఎప్పుడూ ఉండాలంటే పదిమంది కావాలి. జాబితాలో ఇరవై పేర్లు కనిపించినా రాత్రి రెండు గంటలకు స్టేషన్లో నలుగురే ఉండటానికి కారణం ఇదే. సిబ్బంది సంఖ్య గురించి చర్చ జరిగినప్పుడు మొత్తం ఎంతమంది అని కాకుండా, ఒక్కో షిఫ్టులో ఎంతమంది అని అడిగితే నిజమైన పరిస్థితి తెలుస్తుంది.

పోలీసు శాఖనూ అగ్నిమాపక శాఖనూ ఒకటిగా కలిపేస్తే ఖర్చు తగ్గదా?

ఈ ఆలోచన కొత్తది కాదు. క్రీస్తు శకం 6వ సంవత్సరంలో అగస్టస్ చక్రవర్తి రోమ్ నగరంలో ఏర్పాటు చేసిన విజిలెస్ అనే దళం మంటలూ ఆర్పేది, రాత్రి గస్తీ కూడా తిరిగేది. మన కాలంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో సన్నీవేల్ అనే నగరం 1950 నుంచి ఒకే ప్రజా భద్రతా శాఖను నడుపుతోంది. అక్కడి అధికారులు పోలీసు పనిలోనూ, అగ్నిమాపక పనిలోనూ శిక్షణ పొంది ఉంటారు. కాబట్టి ఇది సాధ్యమేనని ఒప్పుకోవాలి. అయితే రెండు వృత్తులకూ శిక్షణ ఇవ్వడానికి పట్టే కాలం ఎక్కువ, రెండు నైపుణ్యాలూ మొద్దుబారకుండా ఏటా సాధన చేయించడం ఇంకా కష్టం. పెద్ద మంట లేచినప్పుడు గస్తీలో ఉన్నవారు కూడా అక్కడికే పోతే వీధుల్లో ఎవరూ మిగలరు. ఆదా అవుతుందన్న ఒక్క కారణంతో కలపడం సరికాదని, శిక్షణకు పూర్తి నిధులు పెట్టగలిగితేనే ఆ దారి పట్టాలని నా అభిప్రాయం. కంట్రోల్ రూం, వాహనాల మరమ్మతు, శిక్షణ స్థలం వంటివాటిని ఉమ్మడిగా వాడుకోవడం మాత్రం ఏ చిన్న నగరానికైనా మేలే.

జీతం లేని స్వచ్ఛంద సిబ్బందిని నమ్ముకోవచ్చా?

చాలా దేశాలు నమ్ముకునే ఉన్నాయి. ఆస్ట్రియాలో వియన్నా, గ్రాట్స్, లింట్స్ వంటి ఆరు నగరాల్లో మాత్రమే పూర్తికాలపు వృత్తి దళాలు ఉన్నాయి. మిగతా చోట్ల మంటలార్పేది స్వచ్ఛంద దళాలే. జర్మనీలో అగ్నిమాపక సిబ్బందిలో అత్యధికులు స్వచ్ఛంద సేవకులు. చిలీ దేశమంతటా ఈ పని స్వచ్ఛందంగానే సాగుతోంది. శిక్షణలోనూ ధైర్యంలోనూ వారు తీసిపోరు. తేడా వచ్చేది సమయంలో. వారు ఇంటి నుంచో, పని చేసే చోటి నుంచో స్టేషన్‌కు చేరి, ఆ తరువాత బయలుదేరాలి. పగటిపూట ఎక్కువమంది ఊరి బయట పనులకు వెళ్లే నగరంలో ఆ ఖాళీ స్పష్టంగా కనిపిస్తుంది, అందుకే కొన్ని నగరాలు పగటి షిఫ్టుకు జీతమిచ్చి కొందరిని పెట్టుకుని, రాత్రుళ్లు స్వచ్ఛంద సేవకులతో నడుపుతాయి.

గస్తీ వాహనాలు ఎక్కువ తిప్పితే దొంగతనాలు తగ్గుతాయా?

ఎక్కడ తిప్పుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలోని కాన్సాస్ సిటీలో 1972-73లో ఒక పరీక్ష జరిగింది. కొన్ని ప్రాంతాల్లో మామూలు గస్తీ పూర్తిగా తీసేశారు, కొన్నింటిలో రెండు మూడింతలు చేశారు, కొన్నింటిలో ఉన్నదున్నట్టు ఉంచారు. నేరాల్లో గానీ, ప్రజల భయంలో గానీ చెప్పుకోదగిన తేడా రాలేదు. ఊరంతా ఊరికే తిరిగే వాహనం ఏ ఒక్క చోటా చాలినంత సేపు ఉండదు. అదే, నేరాలు పదే పదే జరిగే కొద్దిపాటి కూడళ్లను గుర్తించి అక్కడ తరచుగా నిలబడితే ఫలితం కనిపిస్తుందని 1980ల చివర అమెరికాలోనే మరో నగరమైన మినియాపోలిస్‌లో జరిగిన ప్రయోగం చూపింది. ఇద్దరు ముగ్గురే గస్తీలో ఉండే చిన్న నగరానికి ఇది చాలా ముఖ్యమైన విషయం. మీ వీధిలో దొంగతనం జరిగితే, చిన్నదైనా సరే, చెప్పాలి. ఫిర్యాదులు నమోదు కాని చోటు పోలీసుల నేరాల పటంలో ప్రశాంతంగానే కనిపిస్తుంది, గస్తీ అటు రాదు.

పెద్ద మంట వస్తే పక్క నగరాల నుంచి సాయం వస్తుందా?

వస్తుంది, కానీ ముందుగా రాతపూర్వకమైన ఒప్పందం ఉంటేనే అది తడబాటు లేకుండా అందుతుంది. సాయం రావడం ఒక్కటే చాలదని 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జరిగిన అగ్నిప్రమాదం చాటింది. వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ నగరాల నుంచి ఇంజన్లు వచ్చాయి గానీ, వాటి గొట్టాల బిగింపులు చాలావరకు బాల్టిమోర్ హైడ్రెంట్లకు, అంటే ఫైరింజన్లు నీరు పట్టుకునే వీధి కుళాయిలకు, సరిపోలేదు. వచ్చినవారు నిస్సహాయంగా నిలబడాల్సి వచ్చింది; 1500కు పైగా భవనాలు కాలిపోయాయి. గొట్టాల బిగింపులకు ఒకే కొలత ఉండాలన్న ప్రయత్నం ఆ తరువాతే బలపడింది. నేడు అదే సమస్య రేడియోల రూపంలో వస్తుంది: రెండు నగరాల సిబ్బంది ఒకే చోట ఉండి కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేకపోవచ్చు. అందువల్ల ఏటా కనీసం ఒకసారి పొరుగు దళాలతో కలిసి కసరత్తు చేయడం అవసరం.

ఫైరింజన్‌లో నీళ్లుంటాయి కదా, ఇంకా హైడ్రెంట్లు ఎందుకు?

ఇంజన్ తొట్టిలోని నీరు మొదటి కొన్ని నిమిషాలకే సరిపోతుంది. నిమిషానికి 400 లీటర్లు చిమ్మే ఒక గొట్టం 4000 లీటర్ల తొట్టిని పది నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. రెండు గొట్టాలు వాడితే అయిదు నిమిషాలే. ఆ లోపు హైడ్రెంట్‌కో, చెరువుకో, మరో ట్యాంకరుకో కలపకపోతే మంట మళ్లీ పైచేయి సాధిస్తుంది. అమెరికాలో బీమా రంగం కోసం నగరాల అగ్నిరక్షణకు స్థాయి నిర్ణయించే పద్ధతిలో, ప్రధానమైన 100 మార్కుల్లో 40 నీటి సరఫరాకే కేటాయించారు. హైడ్రెంట్ ముందు వాహనం నిలపడం, దాని చుట్టూ సామాను పేర్చడం ఎంత తప్పో దీన్ని బట్టి ఊహించవచ్చు.

## ఆపద రాకముందు

ఇంట్లో పొగ అలారం పెట్టుకోవడం నిజంగా ఉపయోగమా?

ఉపయోగమే. ఈ పేజీలో ఒక్క సలహానే పాటించగలిగితే ఇది పాటించమని కోరుతాను. నిద్రలో ఉన్నప్పుడు పొగ వాసన మనిషిని లేపుతుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. పనిచేసే అలారం ఉన్న ఇళ్లలో అగ్నిప్రమాదంలో మరణించే అవకాశం, లేని ఇళ్లతో పోలిస్తే, సగానికి పైగా తగ్గుతుందని అమెరికా గణాంకాలు చూపుతున్నాయి. పడకగదుల లోపల, వాటి బయట, ప్రతి అంతస్తులో ఒకటి ఉండాలి. నెలకొకసారి మీట నొక్కి పరీక్షించాలి. తయారైన పదేళ్లకు పరికరాన్నే మార్చాలి. వంటగదికి మరీ దగ్గరగా బిగిస్తే ఊరికే మోగుతుంది, విసుగొచ్చి ఎవరో ఒకరు బ్యాటరీ తీసేస్తారు, కాబట్టి కొంత దూరంగా పెట్టడం మంచిది.

ఏ రకం మంటలార్పే సిలిండర్ కొనాలి?

ఇంటికి సాధారణంగా బహుళ ప్రయోజన పొడి సిలిండర్ సరిపోతుంది. అది కర్ర, కాగితం, మండే ద్రవాలు, విద్యుత్ పరికరాల మంటలకు పనికొస్తుంది. సిలిండర్ మీద ఉండే అక్షరాల అర్థం అన్ని దేశాల్లో ఒకటి కాదని గుర్తుంచుకోవాలి: అమెరికా పద్ధతిలో ‘సీ’ అంటే విద్యుత్ పరికరాల మంట, ఐరోపా పద్ధతిలో ‘సీ’ అంటే వాయువుల మంట. అందువల్ల అక్షరంతో పాటు బొమ్మలనూ, సూచనలనూ చదవాలి. ఇంట్లో వాడే చిన్న సిలిండర్ సాధారణంగా అర నిమిషంలోపే ఖాళీ అవుతుంది. పిన్ను లాగడం, గొట్టాన్ని మంట మొదలు వైపు గురిపెట్టడం, పిడి నొక్కడం, అటూ ఇటూ ఊపడం అనే నాలుగు పనులు ముందే తెలిసి ఉండకపోతే ఆ సమయమంతా సూచనలు చదవడానికే పోతుంది.

రాత్రి పడకగది తలుపు మూసి పడుకోవాలా, తెరిచి ఉంచాలా?

మూసి పడుకోవడమే మేలు. బయటి గదిలో మంట చెలరేగి వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు కూడా, మామూలు తలుపు మూసి ఉన్న గదిలో కొంతసేపు మనిషి బతకగలిగే వేడే ఉంటుందని అగ్ని పరిశోధకుల ప్రయోగాల్లో తేలింది. తలుపు పొగను కూడా ఆపుతుంది. పిల్లల గదిలో అలారం ఉంటే తలుపు మూయడానికి భయపడనక్కర లేదు.

ఊరెళ్లేటప్పుడు పోలీసులకు చెప్పి వెళ్లడం వల్ల ప్రయోజనం ఉందా?

చాలా నగరాల్లో పోలీసులు తాళం వేసిన ఇళ్ల వివరాలు తీసుకుని గస్తీలో ఒక కన్ను వేస్తారు. నమ్మకమైన పొరుగువారికి కూడా చెప్పి, మీ ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లాలి. ప్రయాణం గురించి సామాజిక మాధ్యమాల్లో తిరిగి వచ్చాకే రాసుకోవడం క్షేమం.

## ఫోన్ చేసేటప్పుడు

ఏది అత్యవసరమో నాకెలా తెలుస్తుంది?

ప్రాణానికి ప్రమాదం ఉన్నా, మంట గానీ పొగ గానీ కనిపించినా, నేరం ఆ క్షణంలో జరుగుతున్నా, చేసినవాడు ఇంకా దగ్గరలోనే ఉన్నా అది అత్యవసరమే. నిన్న పోయిన సైకిల్, పక్కింటి శబ్దం, ఏదో పత్రం గురించిన విచారణ వంటివాటికి స్టేషన్ మామూలు నంబరు వాడాలి. తేల్చుకోలేకపోతే అత్యవసర నంబరుకే చేయండి. నిర్ణయించే పని వారిది. చిన్న నగరంలో రాత్రిపూట ఫోన్ తీసేవారు ఒకరో ఇద్దరో ఉంటారు కాబట్టి అనవసరమైన కాల్ మరొకరిని నిజంగానే వేచి ఉంచుతుంది. కానీ సందేహంతో చేసిన కాల్ అనవసరమైనది కాదు.

ఇల్లు కాలుతుంటే ఫోన్‌లో అన్ని ప్రశ్నలెందుకు? ముందు బండి పంపొచ్చు కదా?

చాలావరకు ముందే పంపుతారు. చిరునామా, ఏం జరిగిందన్న రెండు విషయాలు తెలియగానే సిబ్బందికి సమాచారం వెళ్తుంది. మీతో మాట్లాడేవారు మిగతా ప్రశ్నలు అడుగుతుండగానే వాహనం కదులుతుంది. లోపల ఎవరైనా చిక్కుకున్నారా, ఏ అంతస్తు, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయా, దాడి చేసినవాడి దగ్గర ఆయుధం ఉందా అన్న సమాధానాలు దారిలో ఉన్నవారికి రేడియోలో అందుతాయి. ఎన్ని వాహనాలు కావాలో, నిచ్చెన అవసరమో కాదో వాటిని బట్టే తేలుతుంది. అందుకే మొదటి వాక్యం చిరునామా అయి ఉండాలి: మధ్యలో ఫోన్ తెగిపోయినా ఎక్కడికి రావాలో తెలుస్తుంది. వారు పెట్టేయమనే వరకు మీరు ఫోన్ పెట్టేయకూడదు.

మొబైల్ నుంచి చేస్తే నేనెక్కడున్నానో వాళ్లకు కనిపించదా?

కొన్నిచోట్ల సుమారుగా కనిపిస్తుంది. అయితే ఆ చుక్క పదుల మీటర్లో, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువో అటూ ఇటూ కావచ్చు, ఏ అంతస్తో సాధారణంగా చెప్పదు. నగరాల సరిహద్దులో ఉంటే మీ కాల్ పొరుగు నగరానికి కూడా పోవచ్చు. నగరం పేరు, వీధి, దగ్గరి గుర్తు మీ నోటితో చెప్పండి.

గట్టిగా మాట్లాడితే నాకే ప్రమాదం అయితే ఎలా?

ఫోన్ కలిపి లైన్ అలాగే ఉంచండి, వీలైతే దగ్గుతోనో, చిన్న శబ్దంతోనో మీరున్నారని తెలియజేయండి. అవును, కాదు అని జవాబు చెప్పగల ప్రశ్నలు అడగడం వారికి శిక్షణలో నేర్పుతారు. బ్రిటన్‌లో మొబైల్ నుంచి మాట లేకుండా వచ్చిన కాల్‌లో 55 నొక్కితే అది నిజమైన ఆపదగా పోలీసులకు చేరుతుంది. కొన్ని దేశాల్లో సందేశం పంపే ఏర్పాటు కూడా ఉంది. మీ ప్రాంతంలో ఏది పనిచేస్తుందో ప్రశాంతంగా ఉన్న రోజునే తెలుసుకుని ఉంచుకోవాలి, ముఖ్యంగా ఇంట్లోనే హింసను ఎదుర్కొంటున్నవారు.

## సిబ్బంది వచ్చేలోపు

మంటను నేనే ఆర్పడానికి ప్రయత్నించాలా, బయటికి పరుగెత్తాలా?

మంట చెత్తబుట్టంత చిన్నదై, మీ వెనుక బయటికి దారి ఉండి, అందరికీ చెప్పి ఫోన్ కూడా చేసి ఉంటే ఒక్క సిలిండర్‌తో ప్రయత్నించవచ్చు. అది ఖాళీ అయ్యేసరికి మంట ఆరకపోతే తలుపు మూసి వెళ్లిపోవాలి. ఈ విషయంలో కఠినంగా ఉండమనడానికి కారణం ఉంది. నేటి గదుల్లో ఫోము, ప్లాస్టిక్, కృత్రిమ వస్త్రాలు ఎక్కువ. పాత తరహా సామానున్న గదిలో మంట గది మొత్తాన్ని ఒక్కసారిగా కమ్మేయడానికి సుమారు అరగంట పట్టగా, కొత్త తరహా సామానున్న గదిలో నాలుగు నిమిషాలలోపే ఆ స్థితి వచ్చిందని అమెరికా పరిశోధకులు పక్కపక్కనే కాల్చి చూపించారు. తాతల కాలపు అనుభవంతో ‘ఇంకా సమయముంది’ అనుకోవడం నేటి ఇంట్లో ప్రాణాంతకం. బయటికి వచ్చాక వస్తువుల కోసం మళ్లీ లోపలికి పోకూడదు.

గదంతా పొగ నిండితే ఏ వైపు వెళ్లాలి?

నేలకు దగ్గరగా వంగి లేదా పాకుతూ వెళ్లాలి, ఎందుకంటే వేడి పొగ పైకి చేరుతుంది. మనిషిని ముందుగా పడగొట్టేది పొగే. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలుపు తెరిచే ముందు చేతి వెనుక వైపుతో తాకి చూడండి. వేడిగా ఉంటే తెరవకుండా, సందుల్లో బట్టలు కుక్కి, కిటికీ దగ్గర కనిపించేలా నిలబడి, ఏ గదిలో ఉన్నారో ఫోన్‌లో చెప్పండి. లిఫ్టు వాడవద్దు.

పొయ్యి మీద నూనె అంటుకుంది, నీళ్లు పోయొచ్చా?

ఎప్పుడూ పోయకూడదు. నీరు నూనె కిందికి దిగి, ఒక్కసారిగా ఆవిరై దాదాపు 1700 రెట్లు వ్యాపిస్తుంది. ఆ ఆవిరి మండే నూనెను గదంతా చిమ్ముతుంది. పొయ్యి ఆపి, మూత పక్క నుంచి జరిపి కప్పి, చల్లారే వరకు తీయకుండా ఉంచాలి. గిన్నెను మోసుకుని బయటికి పరుగెత్తడం వల్లనే చాలామంది కాలుతారు.

గ్యాస్ వాసన వస్తోంది, ముందు ఏం చేయాలి?

స్విచ్ వేయకూడదు, ఉన్నది ఆపకూడదు కూడా. రెండింటిలోనూ నిప్పురవ్వ పుట్టవచ్చు. చేతికి అందితే వాల్వు కట్టి, వెళ్లే దారిలో తలుపులు తెరుస్తూ బయటికి రావాలి, ఫోన్ బయటికి వచ్చాకే చేయాలి. సిలిండర్లలోని ఎల్పీజీ గాలి కంటే బరువైనది కనుక నేల మీదా, పల్లపు చోట్లా నిలుస్తుంది. గొట్టాల్లో వచ్చే సహజ వాయువు తేలికైనది కనుక పైకప్పు కింద చేరుతుంది.

చార్జింగ్‌లో ఉన్న విద్యుత్ వాహనం బ్యాటరీ నుంచి పొగ వస్తే?

దూరంగా వెళ్లి, అది లిథియం బ్యాటరీ అని ఫోన్‌లో స్పష్టంగా చెప్పండి. బ్యాటరీలోని ఒక కణంలో (సెల్‌లో) పుట్టిన వేడి పక్క కణాన్ని రాజేస్తూ పోతుంది, విషవాయువులు వస్తాయి, ఆరినట్టు కనిపించిన బ్యాటరీ గంటల తరువాత కూడా మళ్లీ అంటుకోవచ్చు. అందువల్ల వీటిని బయటికి దారి అయిన గుమ్మంలోనో, మెట్ల కిందో చార్జింగ్ పెట్టకూడదు.

ఇంటికొచ్చేసరికి తాళం పగిలి ఉంది, లోపలికి వెళ్లి చూడొచ్చా?

వెళ్లకండి. దొంగ ఇంకా లోపలే ఉండవచ్చు, మీ అడుగులూ వేళ్లూ ఆధారాలను చెరపవచ్చు. దూరంగా నిలబడి ఫోన్ చేసి, పోలీసులు వచ్చి చూశాకే లోపలికి వెళ్లండి.

కాలిన గాయానికి ఏం రాయాలి?

ఏమీ రాయవద్దు. చల్లటి పారే నీటి కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. మంచు, టూత్‌పేస్టు, నూనె హాని చేస్తాయి. వాపు రాకముందే ఉంగరాలు తీసేయాలి. చర్మానికి అతుక్కున్న బట్టను మాత్రం లాగకూడదు.

## సిబ్బంది వచ్చాక

ఫైరింజన్ రావడానికి ఇంత ఆలస్యమెందుకు?

మీ గడియారం మంట కనిపించినప్పుడు మొదలవుతుంది, స్టేషన్ గడియారం వారికి సమాచారం అందినప్పుడు మొదలవుతుంది. ఈ రెండింటి మధ్య అరుపులు, పరుగులు, నంబరు వెతకడం జరిగిపోతాయి. ఆ తరువాత సిబ్బంది రక్షణ దుస్తులు వేసుకోవాలి, ప్రయాణించాలి. వృత్తి దళాల కోసం, అమెరికాలో అగ్నిభద్రతా ప్రమాణాలు రూపొందించే సంస్థ అయిన ఎన్‌ఎఫ్‌పీఏ 1710 ప్రమాణం మంటల కాల్‌కు సిద్ధం కావడానికి 80 సెకన్లు, మొదటి ఇంజన్ ప్రయాణానికి 240 సెకన్లు లక్ష్యంగా పెట్టింది. స్వచ్ఛంద దళాలకు ఉద్దేశించిన 1720 ప్రమాణం జనసాంద్రతను బట్టి తొమ్మిది నుంచి పద్నాలుగు నిమిషాల వరకు అనుమతిస్తుంది. ఒకే స్టేషన్ ఉన్న చిన్న నగరంలో ఆ స్టేషన్ మీ ఇంటికి ఎదురు చివర ఉంటే, లేదా ఉన్న ఒక్క ఇంజన్ మరో చోట పనిలో ఉంటే, ప్రయాణ సమయం ఎవరి శ్రద్ధతోనూ తగ్గదు. తగ్గించగలిగేది మొదటి భాగాన్నే: అలారం, వెంటనే చేసిన ఫోన్, సరైన చిరునామా, చీకట్లో కనిపించే ఇంటి నంబరు, వాహనాలు అడ్డులేని వీధి.

వచ్చినవాళ్లు వెంటనే లోపలికి వెళ్లకుండా చుట్టూ తిరుగుతున్నారేం?

ఆ తిరగడం పనిలో భాగమే. భవనం అన్ని వైపులా చూసి మంట ఎక్కడుంది, ఎటు పాకుతోంది, ఎవరైనా కిటికీల్లో ఉన్నారా, విద్యుత్ తీగలు తెగాయా అని తేల్చుకోకుండా గొట్టం పట్టుకుని దూరితే లోపలున్నవారూ, సిబ్బందీ మరింత ప్రమాదంలో పడవచ్చు. అమెరికా భద్రతా నిబంధనల ప్రకారం ఊపిరాడని వాతావరణంలోకి కనీసం ఇద్దరు కలిసి వెళ్లాలి, వారిని కాపాడటానికి మరో ఇద్దరు బయట సిద్ధంగా ఉండాలి. ప్రాణాలు కాపాడే అవకాశం తక్షణం కనిపిస్తే మాత్రం మినహాయింపు ఉంటుంది. ముగ్గురే వచ్చిన చిన్న నగరపు ఇంజన్‌కు ఈ నియమం ఎంత బరువో ఊహించండి. బయట నిలబడి చూసేవారికి ఆ రెండు నిమిషాలు నిర్లక్ష్యంలా అనిపించడం సహజం. లోపల ఎవరున్నారో, ఏ గదిలోనో తెలిసినవారు ఆ క్షణంలో అధికారి దగ్గరికి వెళ్లి చెప్పడమే అందరికంటే పెద్ద సాయం.

కిటికీలు, పైకప్పు పగలగొట్టి నష్టం పెంచుతున్నారు కదా?

లోపల పేరుకున్న వేడినీ, మండగల వాయువులనూ బయటికి పంపడానికి ఆ పని చేస్తారు. గోడల లోపల దాగిన నిప్పును వెతకడానికి కూడా కొంత చీల్చాల్సి వస్తుంది. వదిలేస్తే తెల్లవారేసరికి మళ్లీ రాజుకుంటుంది. అయితే మీరు స్వయంగా అద్దాలు పగలగొట్టకండి, గొట్టం సిద్ధంగా లేనప్పుడు గాలి చేరితే మంట విజృంభిస్తుంది.

మంట దగ్గర పోలీసులకేం పని? మా వీధిలోకే మమ్మల్ని రానివ్వడం లేదు.

ఇంజన్లు కదలడానికి, గొట్టాలు పరచడానికి దారి కావాలి. గొట్టం మీదుగా ఒక్క కారు వెళ్తే లోపలున్నవారికి నీరు ఆగిపోవచ్చు. జనాన్ని దూరంగా ఉంచడం, ఖాళీ చేసిన ఇళ్లలో దొంగతనాలు జరగకుండా చూడటం, ఎవరు క్షేమంగా ఉన్నారో లెక్క తీయడం, మంటకు కారణం నేరమని అనుమానం వస్తే ఆధారాలు కాపాడటం పోలీసుల పని. మీ మనిషి లోపలి వైపు ఉండిపోతే, హద్దు దగ్గరున్న పోలీసుకు పేరూ వయసూ చెప్పి అక్కడే ఉండండి.

## ఆ తరువాత

మంటలు ఆరిపోయాయి, ఇంట్లోకి ఎప్పుడు వెళ్లొచ్చు?

బాధ్యత వహించే అధికారి అనుమతించాకే వెళ్లాలి. చల్లారినట్టున్న ఇంట్లో కప్పు బలహీనపడి ఉండవచ్చు, విషవాయువులు నిలిచి ఉండవచ్చు. విద్యుత్తునూ గ్యాస్‌నూ మీరు తిరిగి కలుపుకోకూడదు. వేడికీ పొగకూ గురైన మందులు, తినే పదార్థాలు పారేయాలి, పారేసే ముందు ఫోటోలు తీసి పెట్టుకోవాలి.

బీమా కోసం నివేదిక ఎవరిస్తారు? కారణం ఎవరు తేలుస్తారు?

ఘటనకు హాజరైన అగ్నిమాపక శాఖ తన రికార్డు ప్రకారం నివేదిక ఇస్తుంది. తేదీ, చిరునామా చెప్పి రాతపూర్వకంగా అడగాలి. కారణాన్ని ఆ శాఖ పరిశోధకులు, అనుమానముంటే పోలీసులు, కొన్నిసార్లు బీమా నిపుణులు వేర్వేరుగా పరిశీలిస్తారు. కాలిన గుర్తులు, తీగలు, స్విచ్చుల స్థితి వారికి ఆధారాలు కనుక పరిశీలన ముగిసేదాకా శుభ్రం చేయవద్దు. కారణం తెలియలేదని తేల్చడం కూడా నిజాయితీ గల జవాబే. తెలియని ప్రతి మంటకూ విద్యుత్ షార్ట్ సర్క్యూట్ అని రాసేసే అలవాటు అసలు కారణాలను దాచిపెడుతుంది.

దొంగతనం గురించి ఫిర్యాదు ఇచ్చాను, ఏమీ జరగడం లేదు.

ముందు మీ దగ్గర ఫిర్యాదు సంఖ్య, దర్యాప్తు చేసే అధికారి పేరు ఉన్నాయో చూసుకోండి. చిన్న నగరంలో ఒక్క అధికారి చేతిలోనే చాలా కేసులుంటాయి, ఆధారం దొరికినది ముందుకు కదులుతుంది. మీరివ్వగలిగిన ఆధారాల్లో క్రమ సంఖ్యలు ముఖ్యమైనవి: ఫోన్‌కు ఐఎంఈఐ సంఖ్య (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), సైకిల్‌కు ఫ్రేము మీద చెక్కిన సంఖ్య, నగలకు పాత ఫోటోలు. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే ఐఎంఈఐ కనిపిస్తుంది. ఈ రోజే రాసి పెట్టుకోండి. పక్కింటి కెమెరా దృశ్యాలు కొన్ని రోజులకే చెరిగిపోతాయి కాబట్టి వాటి సంగతి వెంటనే పోలీసులకు చెప్పాలి.

సిబ్బంది ప్రవర్తన బాగాలేదు. చిన్న ఊరు, అందరూ అందరికీ తెలిసినవాళ్లే. ఎవరికి చెప్పుకోవాలి?

ఈ ప్రశ్న అడగడానికే చాలామంది భయపడతారు, ఆ భయం అర్థం చేసుకోదగినదే. తేదీ, సమయం, చోటు, వాహన సంఖ్య, సాక్షులను అదే రోజు రాసి పెట్టుకుని, స్టేషన్ పై అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు రసీదు తీసుకోండి. అక్కడ తేలకపోతే నగర పాలక సంస్థకో, జిల్లా స్థాయి అధికారికో, న్యాయస్థానానికో వెళ్లవచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లో పోలీసులపై తీవ్రమైన ఫిర్యాదులను విచారించడానికి పోలీసులతో సంబంధం లేని ప్రత్యేక సంస్థ ఉంది. ఇటువంటి ఏర్పాట్లు ఇతర దేశాల్లోనూ ఉన్నాయి. పరిచయాలు ముడిపడిన చిన్న నగరానికి బయటి విచారణ మరింత అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

నగర సమావేశంలో ఈ సేవల గురించి ఏం అడగాలి?

సగటు స్పందన సమయం అడిగితే అందమైన సంఖ్య ఒకటి వస్తుంది. పది కాల్స్‌లో తొమ్మిదింటికి ఎంత సమయంలోపు చేరారని అడగండి, అప్పుడు దూరపు వీధుల పరిస్థితి బయటపడుతుంది. రాత్రి షిఫ్టులో ఎంతమంది ఉన్నారు, హైడ్రెంట్లను చివరిసారి ఎప్పుడు తెరిచి పరీక్షించారు, పొరుగు నగరంతో ఒప్పందం కాగితం మీద ఉందా, ఇద్దరు ఒకేసారి ఫోన్ చేస్తే రెండో కాల్ ఎవరు తీస్తారు అన్న ప్రశ్నలకు ఆ సమావేశంలోనే జవాబు రావాలి. రాకపోతే, వచ్చే సమావేశానికి రాతపూర్వకంగా తెమ్మని కోరి, ఆ కోరికను నమోదు చేయించండి.